దండెం మీద దుప్పట్లు

టెలిప్రింటర్ ఆగింది. చీఫ్ కాగితం చింపి చదివాడు. గోడమీది మ్యాపు దగ్గరికి నడిచి, జలసంధి మెడలో ఇంకో నల్ల గుండుసూది గుచ్చాడు. ఆ చోట మ్యాపు అప్పటికే జల్లెడలా ఉంది.

“ఈసారి గోధుమల ఓడ,” అన్నాడు. “బతికినవాళ్ళకి ఒక్క పడవ సరిపోయింది.”

టేబుల్‌కి ఇవతల ఓ ఆవిడ కూర్చుని ఉంది. నలభై దాటిన మనిషి. ముదురు రంగు కోటు, ఒళ్ళో ఊలు అల్లికల సంచి, సంచి అడుగున చిన్న పిస్తోలు. ఇన్సూరెన్స్ కంపెనీలో టైపిస్టుగా పనిచేస్తోందని బంధువులందరి నమ్మకం. బ్యూరోలో మాత్రం ఆమె పేరు దబ్బనం. గోనె ఎంత మందమైనా చప్పుడు లేకుండా అవతలికి దిగుతుందని ఎప్పుడో ఎవరో పెట్టిన పేరు.

“రేవు నుంచి కబురు ఎలా పోతోంది?” అంది.

“పోవడానికి వీల్లేదు. అదే నా బాధ. ఫోన్లు కట్ చేశాం. ఉత్తరాలు ఆపేశాం. ఓడలు కదిలినా కదలకపోయినా రోజూ పొద్దున్నే రేవుమీద పొగతెర కప్పుతున్నాం. నావికులకే ముందు తెలియదు. తెల్లారుతుండగా మనిషి వెళ్ళి తలుపు తడతాడు, వాళ్ళు బూట్లు తొడుక్కుని వచ్చేస్తారు. అయినా కాన్వాయ్ కదిలిన ప్రతిసారీ సాయంత్రానికి జలసంధిలో సబ్‌మెరైన్లు సిద్ధంగా ఉంటున్నాయి.”

“రోజూ అక్కడే కాపు వేశాయేమో.”

“వేయలేవు. అక్కడ లోతు తక్కువ, పైన మన విమానాలు. అందుకే దూరంగా అగాధంలో పడుకుంటాయి. వాటికి కావలసింది ఒక్కటే మాట. ఇవాళ. ఆ మాట మధ్యాహ్నానికి అందితే చాలు, సాయంత్రానికి జలసంధి చేరిపోతాయి. మన ఓడలు వరసలు కట్టుకుని, నత్తల్లా నడిచి, సరిగ్గా అప్పటికే అక్కడికి వస్తాయి.”

“ఆ మాట చెప్పేదెవరో పట్టుకోవాలి.”

“అదే పట్టుకోవాలి. తర్వాతి పెద్ద కాన్వాయ్‌లో ఆయిల్ ట్యాంకర్ ఉంది. శత్రువు చుట్టుముట్టిన ద్వీపంలో మన విమానాలకు పెట్రోలు అడుగంటింది. ట్యాంకర్ చేరకపోతే ద్వీపం పోయినట్టే.” చీఫ్ కళ్ళజోడు తీసి, అవసరం లేకపోయినా తుడిచాడు. “ఆ ట్యాంకర్‌లో సెకండ్ ఇంజనీరు మీ తమ్ముడు. రూల్ ప్రకారం ఈ కేసు మీకివ్వకూడదు.”

“రూల్ మార్చండి.”

“మార్చను. మర్చిపోతాను. ఏ వేషంలో వెళ్తారు? నర్సు యూనిఫాం ఉంది, సన్యాసిని దుస్తులున్నాయి...”

“ఆడపడుచు వేషంలో.”

చీఫ్ బ్రహ్మచారి. అర్థం కాలేదు. ఆమె ఓపిగ్గా వివరించింది. తమ్ముడి ఇంటికి వచ్చిన ఆడపడుచు అల్మైరాలు తెరుస్తుంది. గిన్నెల అడుగులు తిప్పి చూస్తుంది. ఇరుగుపొరుగుని పిలిచి కూపీలు లాగుతుంది. అందరూ విసుక్కుంటారు, ఒక్కరూ అనుమానించరు. ఇంతకన్నా మంచి వేషం ఏ దేశపు గూఢచారి శాఖా ఇప్పటిదాకా కనిపెట్టలేదు.

టెక్నికల్ సెక్షన్ ఆమెకు ఒక ఇస్త్రీపెట్టె ఇచ్చింది. పిడి తిప్పితే లోపల ట్రాన్స్‌మిటర్. బట్టలు కూడా ఇస్త్రీ అవుతాయా అని ఆమె అడిగితే, అక్కడి ఇంజనీరు చిన్నబుచ్చుకుని, అవుతాయి గానీ రెండు పనులూ ఒకేసారి చేయొద్దన్నాడు.

రేవు ఊళ్ళో అవసరం పడితే కలవాల్సిన మనిషిని కూడా చీఫ్ చెప్పాడు. కోడ్ నేమ్ నెమలి. పెద్ద వీధిలో, మేడమీద బ్యూటీ పార్లర్ నడుపుతోంది. ఒకప్పుడు శత్రువు గూఢచారి. పట్టుబడ్డాక మనవైపు తిరిగింది. బ్యూరో రాసిచ్చిన అబద్ధాలను బ్యూరో రేడియోలోనే శత్రువుకు పంపుతోంది. నమ్మకం కుదరడానికి తనవాళ్ళను ఇద్దరిని పట్టించింది కూడా.

“అంత తేలిగ్గా పట్టించిందా?” అంది దబ్బనం.

“అందమైన మనిషి. కమిటీలో అందరూ నమ్మారు,” అన్నాడు చీఫ్.

*

ఓడవాళ్ళ పేట రేవుకు ఎదురుగా కొండవాలు మీద ఉంది. మెట్లు మెట్లుగా చిన్న ఇళ్ళు, ఇంటికో పెరడు, పెరడుకో దండెం. తమ్ముడి ఇల్లు పై వరసలో. గుమ్మంలో పెట్టె దించగానే మరదలు నవ్వు ముఖంతోనే వంటింటి అల్మైరా తలుపు మూసేయడం దబ్బనం గమనించింది. వేషం కుదిరింది.

పేట నోరు మాత్రం కుదరలేదు. కుళాయి దగ్గర ఎన్ని రకాలుగా కదిపినా ఎవరూ ఏ ఓడ మాటా ఎత్తరు. మా ఆయన ఊళ్ళో లేడంటారు, అంతే. ఎక్కడికెళ్ళాడంటే పనిమీద అంటారు. సొంత మరదలే, ట్యాంకర్ ఎప్పుడు కదులుతుందో తెలుసా అని అడిగితే, “కూర మాడుతోంది వదినా,” అని లోపలికి పోయింది. పొయ్యి మీద ఏమీ లేదు.

ఇన్ని నోళ్ళు ఇంత గట్టిగా మూసి ఉంటే కబురు ఎక్కడినుంచి కారుతోంది?

నాలుగోనాడు పొద్దున లేచేసరికి వీధి కొత్తగా నిశ్శబ్దంగా ఉంది. తమ్ముడు గదిలో ఇంకా నిద్రపోతున్నాడు. దబ్బనం ఊరికే కూర్చోవడం చేతగాక, పక్కదుప్పట్లు తీసి బకెట్లో నానబెట్టబోయింది. మరదలు పరుగున వచ్చి బకెట్ లాగేసుకుంది. అప్పటికే గోడ అవతలినుంచి ఓ ముసలి గొంతు లేచింది.

“ఎవరది నీళ్ళు ముట్టింది? మనుషులు కారా మీరు?”

పక్కింటి బామ్మ. ఇద్దరు కొడుకుల్ని సముద్రం మింగిన మనిషి. పేటలో ఆవిడ మాటకి తిరుగులేదు. ఆవిడ చివాట్లలోంచి, మరదలు గుసగుసల్లోంచి దబ్బనానికి సంగతి తెలిసింది. తెల్లవారుజామున కింది వరస ఇళ్ళలో తలుపులు తట్టారు. పేటలో ఏ ఇంటి మగవాడు ఓడెక్కినా ఆ రోజు పేటంతా గుడ్డలు ఉతకదు. ఉతికిన నీళ్ళు వాలున జారి సముద్రంలో కలుస్తాయి. ఆ నీళ్ళతో పాటు మనిషీ కొట్టుకుపోతాడు. తాతల నాటి నమ్మకం.

“ఆడపడుచుననుకుని ఇష్టమొచ్చినట్టు చేస్తే కుదరదమ్మా ఇక్కడ,” అంది బామ్మ.

దబ్బనం తలవంచుకుని క్షమాపణ చెప్పింది. లోపల నవ్వుకుంది. చదువుకున్నవాళ్ళు నవ్వుకునే నవ్వే. ఆ నవ్వు మధ్యాహ్నం దాకా నిలిచింది.

*

“మీ దగ్గర జారని హెయిర్‌పిన్నులున్నాయా?”

“మా దగ్గరున్నవన్నీ జారేవే. కూర్చోండి.”

కోడ్ సరిపోయింది. నెమలిని చూశాక కమిటీ ఎందుకు నమ్మిందో దబ్బనానికి అర్థమైంది. మెడలో మూడు వరసల ముత్యాలు, ఆకుపచ్చ సిల్కు గౌను, కత్తెర పట్టుకున్న తీరులో కూడా ఓ నాజూకు. మాట తేనె. గోడ పొడవునా అద్దాలు. టోపీల్లా తలమీదికి దిగే హెయిర్ డ్రయ్యర్లు వరసగా హోరెత్తుతున్నాయి.

“పేటలో ఏమైనా తెలిసిందా?” నెమలి దువ్వుతూ చెవి దగ్గర అడిగింది.

“ఏమీ లేదు. ఒక్కళ్ళూ నోరు విప్పడం లేదు.”

“విప్పరు. నా దగ్గరికీ వస్తారు, జుట్టు గురించి తప్ప మాట్లాడరు.” నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు నిజమైనదే అనిపించింది.

మధ్యాహ్నం సైరన్ మోగింది. రేవులో రోజూ మోగించే టెస్ట్ సైరన్. నెమలి కత్తెర ఆపి, అద్దంలోకి చూసింది. దబ్బనం జుట్టు వైపు కాదు, ఆ పక్కకి. తర్వాత మూలనున్న డ్రయ్యర్ దగ్గరికి వెళ్ళి స్విచ్చిని మూడుసార్లు వేసి తీసింది. ఆ డ్రయ్యర్ కింద ఎవరూ లేరు.

“అదెప్పుడూ రిపేరే,” అని నవ్వి మళ్ళీ కత్తెర అందుకుంది.

దబ్బనం కూడా నవ్వింది. నెమలి చూసిన చోటికి అద్దంలో చూసింది. వెనక కిటికీ అద్దంలో పడుతోంది. కిటికీలో ఎండలో మెరుస్తూ కొండ. కొండ మీద పేట. వరస వెనక వరస పెరళ్ళు. ఇంత మంచి ఎండలో, ఒక్క దండెం మీద కూడా ఒక్క గుడ్డ లేదు.

ఆమె నవ్వు అక్కడ ఆగిపోయింది.

సాయంత్రం జలసంధిలో బొగ్గు ఓడ మునిగింది.

*

“దండేలా?” అన్నాడు చీఫ్. బ్యూరోకి ముసుగైన ఇన్సూరెన్స్ కంపెనీ పైగదిలో కూర్చున్నారు. పక్కన కాన్వాయ్ ఎస్కార్ట్ కమాండర్, ఎండకు కమిలిన ముఖం, రెండు రోజులుగా నిద్రలేని కళ్ళు.

“దండేలే. నెమలికి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. పేట ఉతికితే ఓడ కదల్లేదు. ఉతకకపోతే కదిలింది. స్విచ్చి మూడుసార్లు వేస్తే, ఇవాళ. తర్వాత రెండు రోజులూ నేను వెళ్ళి జుట్టు పాడుచేసుకున్నాను. దండేలు నిండుగా ఉన్నాయి. రెండేసిసార్లు వేసింది, ఇవాళ కాదని.”

రేడియో సెక్షన్ వెతికి చూసింది. నిజమే. రోజూ సైరన్ వేళకు రేడియోలో చిటుక్కుమని చిన్న చప్పుడు. ఇన్నాళ్ళూ పార్లర్ మిషన్ల కరెంటు గోల అనుకుని వదిలేశారు. మనం చెప్పిన అబద్ధాన్ని మన రేడియోలో పంపి, తనకు తెలిసిన నిజాన్ని తన డ్రయ్యర్‌లో పంపుతోంది నెమలి.

“ఇప్పుడే అరెస్ట్ చేయిస్తాను,” చీఫ్ ఫోన్ మీద చెయ్యి వేశాడు.

“చేస్తే రేపు చప్పుడు రాదు. ఒక్కరోజు రాకపోయినా అవతలివాళ్ళు వేరే దారి వెతుక్కుంటారు. ఆ దారి కనిపెట్టేలోగా ఎన్ని ఓడలు? ఆవిడని అలాగే ఉండనివ్వండి. మనకు కావలసింది ఆవిడ చూడాలి. ట్యాంకర్ కదిలిన రోజు పేట ఉతకాలి. మర్నాడు, ఏ ఓడా కదలనప్పుడు, ఉతక్కూడదు.”

కమాండర్ వెన్ను నిటారైంది. “అంటే మర్నాడు సబ్‌మెరైన్లు లేని కాన్వాయ్ కోసం జలసంధికి వస్తాయి.”

“మీరు అక్కడ ఉంటారు.”

“ఇంజన్లు ఆపుకుని, సోనార్ చెవిన పెట్టుకుని ఉంటాను.” చాలా రోజుల తర్వాత అతను నవ్వినట్టుంది, పెదాలకి అలవాటు తప్పింది. “పేటకి నేవీ ఆర్డర్ వేద్దాం. ఆ రోజు అందరూ విధిగా గుడ్డలు ఉతకాలని.”

“ఆర్డర్ వేస్తే నెమలి గోడమీద కూడా అంటిస్తారు మీవాళ్ళు. పైగా మొగుడు చస్తాడని నమ్మే పనిని ఏ ఆర్డర్ చేయిస్తుంది? నేను వెళ్ళి నిజం చెబుతాను.”

“పేటంతటికీనా?” చీఫ్ కుర్చీలోంచి లేచాడు. “అంతమంది ఆడవాళ్ళకా? రహస్యం అరగంట నిలుస్తుందా?”

దబ్బనం అల్లిక సంచి మూసింది. “చీఫ్, ఇన్ని ఓడలు మునిగాయి, ఆ ఆడవాళ్ళ నోటినుంచి ఒక్క ముక్క పోలేదు. నేనే వారం రోజులు గుచ్చి చూశాను, రాలేదు. నెమలిని నమ్మిన కమిటీని మాత్రం ఈ మాట చెప్పకుండా బయట ఉంచండి.”

చీఫ్ కూర్చున్నాడు.

*

కుళాయి దగ్గర సిమెంటు గట్టు చుట్టూ అందరూ చేరారు. దబ్బనం దాచకుండా చెప్పింది. తను టైపిస్టు కాదని చెప్పింది. కొండమీద తమ దండేలు అద్దంలో ఎలా కనిపిస్తాయో చెప్పింది. ట్యాంకర్ కదిలిన రోజు ఉతకాలంది.

అందరూ ఒక్కసారే మాట్లాడారు. మా ఆయన్ని చంపుకోమంటావా అని ఒకావిడ. నీకు మొగుడు లేడు గనక ఎన్నైనా చెబుతావని ఇంకొకావిడ. మేం గుడ్డలు ఉతక్కపోవడం వల్ల ఓడలు మునిగాయంటావా అని మూడో ఆవిడ ఏడుపు అందుకుంది. ఆ ప్రశ్నకు దబ్బనం దగ్గర జవాబు ఉంది గానీ చెప్పడానికి మనసు రాలేదు.

మరదలు ఖాళీ బిందె ఎత్తుకుని అందరికీ ఎడంగా వెళ్ళి నిలబడింది.

చివరికి బామ్మ కర్ర తాటించింది. ఆవిడ మెల్లగా అంది:

“నా పెద్దాడు వెళ్ళిన రోజు నీళ్ళు ముట్టలేదు నేను. చిన్నాడు వెళ్ళిన రోజు ముఖం కూడా కడుక్కోలేదు. సముద్రం నా నిష్ఠ చూసిందా? ఎవత్తో అద్దం ముందు కూర్చుని నా నిష్ఠని చూసింది. చూసి నా బిడ్డల్ని అమ్మింది.” కర్ర కింద పెట్టింది. “చిన్నాడు విడిచిన చొక్కా ఒకటుంది. వాసన పోతుందని ఇన్నాళ్ళూ తడపలేదు. ఆ రోజు అది ఉతికి ఆరేస్తాను. ముత్యాలు వేసుకుని చూడమనండి.”

ఆ తర్వాత ఎవరూ కాదనలేదు. దబ్బనం ఒకే ఒక్క షరతు పెట్టింది. ఆరేసిన గుడ్డ, ఏం జరిగినా సరే, మధ్యాహ్నం సైరన్ మోగేదాకా దండెం మీంచి కదలకూడదు.

ఇంటికి నడుస్తూ మరదలు నోరు విప్పింది. “నేను ఉతకను వదినా. మీకు తమ్ముడితో పాటు దేశం కూడా ఉంది. నాకున్నది ఆయనొక్కరే.”

“నువ్వు ఉతకొద్దు. నేను ఉతుకుతాను.”

“ఎవరు ఉతికినా ఆయన గుడ్డలే.”

దబ్బనం ఒళ్ళో పెట్టుకుని అన్నం తినిపించిన తమ్ముడు వాడు.

*

తెల్లారుతుండగా తలుపు చప్పుడైంది. తమ్ముడు బూట్లు తొడుక్కున్నాడు. అక్కయ్యా జాగ్రత్త అన్నాడు, ఆమె ఏదో ప్రమాదంలోకి వెళ్తున్నట్టు. పెళ్ళాం తల నిమిరి మెట్లు దిగి పొగతెరలో కలిసిపోయాడు.

మరదలు గడపలో కూర్చుండిపోయింది. ఎండ పొడిచింది. కింది వరసలో మొదటి బకెట్ చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఇంకోటి. దబ్బనం పార్లర్‌కి బయలుదేరడానికి కోటు వేసుకుని, మరదలి పక్కనుంచి దాటింది.

వెనక బకెట్ కింద పెట్టిన చప్పుడైంది.

తిరిగి చూస్తే మరదలు చేతికందినవన్నీ బకెట్లో కుక్కుతోంది. దుప్పట్లు, కొక్కేనికి తగిలించిన తెల్ల యూనిఫాం, బల్లమీది ఎర్రగుడ్డ, దిండు గలీబులు. కళ్ళు తుడుచుకోలేదు. సబ్బు కసిగా రుద్దుతోంది.

“సముద్రానికి వదిలేసుకుని కాదు వదినా ఉతుకుతున్నది,” అంది తలెత్తకుండా. “ఇవ్వనని ఉతుకుతున్నాను. వెళ్ళండి మీరు.”

పార్లర్‌లో దబ్బనం తన కుర్చీలో కూర్చుంది. మెడకు కట్టిన కేప్ కింద ఒళ్ళో అల్లిక సంచి, సంచిలో చెయ్యి. తలనిండా కర్లర్లు. ఎదురుగా అద్దంలో కొండ తెల్లగా విరబూసినట్టుంది. ప్రతి పెరట్లో దుప్పట్లు, తువ్వాళ్ళు, చొక్కాలు రెపరెపలాడుతున్నాయి. పై వరసలో బామ్మ దండెం మీద ఒంటరిగా ఓ గళ్ళచొక్కా.

నెమలి అద్దంలోకి చూసింది. రెండోసారి చూడనక్కర్లేకపోయింది. ఏదో పాట కూనిరాగం తీస్తూ కర్లర్లు సర్దుతోంది. సైరన్‌కి ఇంకా కొంచెం టైముంది.

అప్పుడు కిటికీ అద్దం మీద చిటుక్కున ఓ చుక్క పడింది. ఆ తర్వాత ఇంకో నాలుగు.

చినుకులు.

దబ్బనం గాలి, పొగతెర, సబ్‌మెరైన్ల బ్యాటరీలు, అన్నీ లెక్కకట్టింది. వాన సంగతి మర్చిపోయింది. ఏం జరిగినా గుడ్డ కదలకూడదని తనే చెప్పింది. పేట మాట మీద నిలబడుతుంది. మాట మీద నిలబడటం ఆ పేటకు కొత్త కాదు.

చినుకులు జల్లయ్యాయి. కొండమీద ఒక్క గుడ్డ కదల్లేదు.

కూనిరాగం ఆగింది. దువ్వెన గాలిలో నిలిచింది.

“వాన పడుతోంది,” అంది నెమలి మెల్లగా.

“అయ్యో, గొడుగు తెచ్చుకోలేదు,” అంది దబ్బనం.

“ఆరేసిన గుడ్డలు వానకు వదిలేశారు. ఒక్క ఇంట్లో కాదు, పేటంతా. ఎవరూ బయటికి రావడం లేదేం?”

“నిద్రపోతున్నారేమో.”

“ఇంతమందా?” నెమలి అద్దంలో సూటిగా దబ్బనం కళ్ళలోకి చూసింది. తేనె అయిపోయింది. ఆ చూపు మీద చూపు నిలిపే ఒక్కో అడుగూ వెనక్కి, మూల డ్రయ్యర్ వైపు వేసింది. చెయ్యి వెనక్కి చాచి స్విచ్చి అందుకుంది.

సంచిలో దబ్బనం వేలు ట్రిగ్గర్ మీదికి చేరింది. కాలిస్తే సిగ్నల్ వెళ్ళదు. వెళ్ళకపోయినా అనుమానమే. కాల్చకపోతే మూడుసార్లు, ఇవాళ. తమ్ముడి ఓడ ఇప్పటికి వరసలో తన చోటుకి చేరి ఉంటుంది. ఏది చేసినా పోయేది వాడే.

సైరన్ మోగడానికి ఇంకా ఒక్క నిమిషం.

అద్దంలో పై వరస ఇంటి తలుపు భళ్ళున తెరుచుకుంది. ఒక మనిషి తలమీద పీట పెట్టుకుని వానలోకి దూకింది. సొంత దండెం దాటి, గోడ ఎక్కి దూకి, బామ్మ దండెం మీది గళ్ళచొక్కా లాగి గుండెకు హత్తుకుంది. వెనక్కి తిరిగి కొండ కిందికి చెయ్యి ఊపుతూ ఏదో అరిచింది. గాజు అవతల, ఇంత దూరాన వినపడలేదు గానీ, ఏమని అరిచి ఉంటుందో దబ్బనానికి తెలుసు. ప్రపంచంలో ఎక్కడైనా చినుకు పడగానే ఆడవాళ్ళు అరిచేదే.

కొండంతా కదిలింది. తలుపులు తెరుచుకున్నాయి. దుప్పట్లు చుట్టలు చుట్టుకుని గుమ్మాల్లోకి పోతున్నాయి. ఒకావిడ గలీబు జారి బురదలో పడితే తీసి నెత్తిన కొట్టుకుంది. ఇద్దరు ఒకే తువ్వాలు కోసం పెనుగులాడుతున్నారు. క్లిప్పులు ఎగిరిపోతున్నాయి.

నెమలికి నవ్వొచ్చింది. “మొద్దు నిద్రలు,” అంది.

సైరన్ మోగింది. స్విచ్చి రెండుసార్లు వేసి తీసింది.

దబ్బనం సంచిలోంచి చెయ్యి తీసి, చెమట కేప్‌కి తుడుచుకుంది. “ఈ కర్లర్లు చాలా బిగుతుగా ఉన్నాయండీ,” అంది. “తల తెగిపోతుందనుకున్నాను.”

*

ఆ సాయంత్రం కాన్వాయ్ ఖాళీ జలసంధి దాటిపోయింది. మర్నాడు ఎండ కాసింది, కొండమీద దండేలు బోడిగా నిలబడ్డాయి, డ్రయ్యర్ స్విచ్చి మూడుసార్లు పడింది. పొద్దు వాలేవేళ సబ్‌మెరైన్లు జలసంధిలోకి వచ్చాయి. ఇంజన్లు ఆపుకుని వింటున్న కమాండర్ వాటిని ముందే విన్నాడు. నీటి అడుగున పేలే డెప్త్ చార్జీలు పడ్డ చోటల్లా సముద్రం కొండలా లేచింది. అగాధానికి తిరిగి వెళ్ళగలిగింది ఒక్కటే, అది కూడా నూనె కార్చుకుంటూ.

పార్లర్‌లో నెమలికి సంకెళ్ళు వేసేటప్పుడు దబ్బనం అక్కడే ఉంది. నెమలి ముత్యాలు సర్దుకుని అడిగింది. “ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. పేటలో ఎవరూ ఏమీ చెప్పరు. మీకు తెలుసుగా.”

“వాన మీ ప్లానేనా?”

“కాదు. వాన మీవైపు పనిచేసింది. మా మరదలు మావైపు.”

ఇంటికొచ్చాక మరదలిని అడిగింది, సైరన్ దాకా కదలొద్దన్నాను కదా, మాట ఎందుకు తప్పావని. మరదలు పప్పు ఏరుతూ, తలెత్తకుండానే అంది: “మీ ఆర్డర్ బాగానే ఉంది వదినా. కానీ వానలో గుడ్డలు వదిలేసే ఇల్లాలిని ఏ గూఢచారి నమ్ముతుంది?”

గళ్ళచొక్కా ఆరిపోయాక బామ్మ దాన్ని మళ్ళీ పెట్టెలో పెట్టలేదు. గుమ్మం పక్క కొక్కేనికి తగిలించింది, వచ్చేపోయేవాళ్ళకి కనిపించేలా.

ట్యాంకర్ ద్వీపం చేరిన వార్త మూడోరోజు వచ్చింది. ద్వీపంలో విమానాలు లేచిన వార్త నాలుగోరోజు వచ్చింది. కొన్ని వారాలకి తమ్ముడు ఇల్లు చేరాడు, గడ్డం పెరిగి, నూనె వాసన కొడుతూ. పేటలో ప్రతి ఆడదానికీ జరిగింది తెలుసు, ఒక్క మగవాడికీ తెలియదు. స్నానం చేసి అల్మైరా తెరిచినవాడు గట్టిగా కేక పెట్టాడు. అతని చేతిలో యూనిఫాం ఉంది. ఒకప్పుడు తెల్లది. ఇప్పుడు ముదురు గులాబీ రంగు, భుజాల దగ్గర మరీ ముదురు.

“సముద్రంలో సబ్‌మెరైన్లు నన్ను ముట్టుకోలేదు,” అన్నాడు. “ఇంట్లో ఎవరు చేశారీ పని?”

మరదలు వదిన వైపు చూసింది. దబ్బనం ఇస్త్రీపెట్టె మీంచి కళ్ళెత్తలేదు.

“ఆ విషయం బయటపెట్టే అధికారం నాకు లేదురా,” అంది.